సర్వర్ నోట్సులోని పాత సెట్టింగులకు పదవీ విరమణ ఇవ్వడం ఎలా?

నెల్లూరు దగ్గర రొయ్యల మేత ఆఫీసు నుంచి ఒకరు, ఒంగోలు కాలేజీ ల్యాబు నుంచి ఒకరు, చీమకుర్తి గ్రానైట్ యార్డులో లెక్కల సర్వర్ చూసే అబ్బాయి ఒకరు. ఫోను చేసేది ఎవరైనా అడిగేది ఒకటే: "నోట్సులో ఉన్నట్టే పెట్టాను సార్, ఎర్రర్ కూడా రాలేదు, అయినా పని చేయడం లేదు. ఎందుకు?"

నోట్సు ఫొటో తీసి పంపమంటాను. చూస్తే సగం సెట్టింగులు పదేళ్ల నాటివి. లినక్స్‌లో ప్రాసెస్‌లను, అంటే నడుస్తున్న ప్రోగ్రాములను, అదుపు చేసే పద్ధతి ఈ పదేళ్లలో బాగా మారింది. కొన్ని పేర్లు పోయాయి. కొన్నింటికి కొత్త పేరుతో పాటు కొలత కూడా మారింది. నోట్సు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పాపం, దాన్ని నమ్మిన కుర్రవాళ్లు రాత్రిళ్లు సర్వర్ ముందు కూర్చుంటున్నారు. అందుకే ఆ నోట్సును శుభ్రం చేసే పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ముందే చెబుతాను. పాత సెట్టింగును నోట్సులోంచి చెరిపేయకండి. ఉద్యోగి రిటైరయ్యేటప్పుడు బాధ్యతలు అప్పగించినట్టు దాన్నీ అప్పగింతలతో పంపించాలి: పాత పేరు, ఏ వెర్షన్ దాకా పనిచేసింది, దాని స్థానంలో ఏది వచ్చింది, విలువ ఎంతకు ఎంత అయింది. రేపు ఎవరో పాత ఫైలులో ఆ పేరు చూసి మీ నోట్సులో వెతుకుతారు. అక్కడ ఏమీ దొరకకపోతే మళ్లీ ఏదో పాత పేజీ చూసి అదే సెట్టింగు పెడతారు.

పేర్ల గురించి ఒక సూచన. ఇక్కడ కమాండ్లు, సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. యంత్రంలో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఇదంతా సిస్టమ్‌డీతో నడిచే లినక్స్ యంత్రాల గురించి. సర్వీసులను, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాములను, మొదలుపెట్టి, ఆపి, అదుపు చేసేది సిస్టమ్‌డీ. ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ ఏదైనా పద్ధతి ఒకటే.

కావలసినవి

మీ ఆఫీసులో ఉన్న నోట్సు మొత్తం, ఏ రూపంలో ఉన్నా సరే. రూట్ అనుమతి. అసలు సర్వర్‌లో ఉన్న వెర్షనే ఉన్న ఒక పరీక్ష యంత్రం. వేరే కంప్యూటర్ లేకపోతే వర్చువల్ మెషీన్ చాలు. ఒక స్ప్రెడ్‌షీటు. మీతో పాటు ఇంకొక మనిషి, వీలైతే ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవారు. ఆరో మెట్టులో వారి అవసరం ఉంది. ఇరవై పేజీల నోట్సుకు రెండు పూటలు కేటాయించుకోండి. జీతాలు, జీఎస్టీ లెక్కలు ముగించే రోజుల్లో మొదలుపెట్టకండి.

1. నోట్సు అంతా ఒకచోట చేర్చండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కాదు. మన ఆఫీసుల్లో నోట్సు ఒకచోట ఉండదు. కొంత వర్డ్ ఫైలులో, కొంత డైరీలో, కొంత వాట్సాప్ గ్రూపులో ఫొటోలుగా ఉంటుంది. ఒక మేత ఆఫీసులో సర్వర్ పెట్టిన అద్దాల బీరువా తలుపుకు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. నీలి సిరాతో ఆరు సెట్టింగులు, వాటి విలువలు, కింద రెండు గీతలతో "ఎవరూ మార్చరాదు" అని. టేపు పసుపురంగుకు తిరిగింది. రాసినాయన ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్లిపోయారు. నంబరు సంపాదించి మాట్లాడితే, నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత యంత్రం కోసం రాశానని, ఆ యంత్రాన్ని తానుండగానే తీసేశారని చెప్పారు. ఆ కాగితం ప్రకారమే కొత్త సర్వర్‌లో డేటాబేసును రెండు జీబీకి కట్టేసి ఉంచారు. ఆఫీసంతా "సర్వర్ నెమ్మది" అని బాధపడుతోంది.

కాబట్టి బీరువా తలుపులు కూడా చూడండి. దొరికినదంతా ఒక ఫోల్డరులో పెట్టి, అసలు ప్రతిని ఎవరూ మార్చకుండా తాళం వేయండి. ఇకపై పని అంతా నకలు మీదే.

2. యంత్రం ఏ వెర్షన్‌లో ఉందో రాసుకోండి

మూడు సంగతులు కావాలి. యూనేమ్ కమాండుకు హైఫన్ ఆర్ చేర్చి ఇస్తే లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్ వెర్షన్ వస్తుంది. సిస్టమ్‌సీటీఎల్ కమాండుకు రెండు హైఫన్‌లతో వెర్షన్ అని చేర్చి ఇస్తే సిస్టమ్‌డీ నంబరు వస్తుంది. మూడోది సీగ్రూప్ వెర్షన్. ప్రాసెస్‌లను గుంపులుగా కట్టి మెమరీ, సీపీయూ పంచే కెర్నల్ ఏర్పాటునే సీగ్రూప్ అంటారు. స్టాట్ కమాండుతో, ఫైల్ సిస్టమ్ రకం అడిగే హైఫన్ ఎఫ్ ఇచ్చి, సిస్ ఫోల్డర్‌లో ఎఫ్ఎస్ కింద ఉన్న సీగ్రూప్ ఫోల్డరును చూడండి. రకం సీగ్రూప్2ఎఫ్ఎస్ అని వస్తే రెండో వెర్షన్. టెంప్ఎఫ్ఎస్ అని వస్తే ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నట్టు.

ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. నోట్సులోని గందరగోళంలో పెద్ద వాటా దీనిదే. రెండో వెర్షన్ సీగ్రూప్ 2016లో 4.5 కెర్నల్‌తో అధికారికంగా వచ్చింది. ఫెడోరా 31లో 2019లో, డెబియన్ 11లోనూ ఉబుంటు 21.10లోనూ 2021లో, రెడ్‌హ్యాట్ 9లో 2022లో అదే సహజ పద్ధతి అయింది. సిస్టమ్‌డీ 256వ వెర్షన్ 2024లో పాత పద్ధతిలో మామూలుగా బూట్ కావడం ఆపేసింది. 258వ వెర్షన్ 2025లో మొదటి వెర్షన్ సీగ్రూప్‌కు మద్దతునే తీసేసింది. అంటే ఇన్నాళ్లూ "పాతదైనా నడుస్తోంది కదా" అని ఊరుకున్నవారికి ఇప్పుడు గడువు తీరింది.

3. సెట్టింగులను ఒక్కొక్కటిగా షీటులోకి ఎక్కించండి

ఒక వరుసకు ఒక సెట్టింగు. నిలువు గడులు ఐదు: పేరు, విలువ, నోట్సులో ఎక్కడ ఉంది, ఏ యంత్రానికి, ఎందుకు పెట్టారు. చివరి గడి చాలా వరకు ఖాళీగానే మిగులుతుంది. ఫరవాలేదు, దాన్ని ఖాళీగానే ఉంచండి. ఊహించి నింపితే మీ ఊహే రేపటి నోట్సులో నిజమై కూర్చుంటుంది.

షీటు నింపాక యంత్రంలో ఇప్పుడు నిజంగా ఉన్న విలువను పక్కన ఆరో గడిలో రాయండి. ఇక్కడే ఆశ్చర్యాలు బయటపడతాయి. ఉదాహరణకు, పాత నోట్సుల్లో "పిడ్ మ్యాక్స్ పెంచాలి, 65536 పెట్టండి" అని ఉంటుంది. ఒకేసారి ఎన్ని ప్రాసెస్ నంబర్లు ఉండవచ్చో చెప్పే హద్దు అది. ఆ రోజుల్లో మామూలుగా ఉండే విలువ 32768 కాబట్టి 65536 అంటే పెంచడమే. 2019లో వచ్చిన సిస్టమ్‌డీ 243 నుంచి 64 బిట్ యంత్రాల్లో అది 4194304. ఇప్పుడు నోట్సు ప్రకారం 65536 పెడితే పెంచినట్టా, తగ్గించినట్టా? మొత్తం ఫైళ్ల సంఖ్యకు హద్దు పెట్టే ఫైల్ మ్యాక్స్‌దీ ఇదే కథ. సిస్టమ్‌డీ 240 నుంచి దాన్ని గరిష్ఠానికి పెంచి ఉంచుతుంది. నోట్సులోని లక్ష దాన్ని కిందికి లాగుతుంది. "పెంచండి" అన్న మాట ఎక్కడ కనబడినా, ఇప్పటి విలువ చూడకుండా ముట్టుకోవద్దు.

4. కుప్పలుగా విడదీయండి

అన్ని పాత సెట్టింగులూ ఒకే తీరుగా పాతబడలేదు. నేను నాలుగు కుప్పలు చేస్తాను.

మొదటి కుప్ప: పేరు మాత్రమే మారినవి. మెమరీలిమిట్ స్థానంలో మెమరీమ్యాక్స్ వచ్చింది. విలువ అదే, 512 ఎంబీ అయితే 512 ఎంబీనే. స్టాండర్డ్‌అవుట్‌పుట్‌కు సిస్‌లాగ్ అని రాసి ఉంటే జర్నల్ అని మార్చాలి. పిడ్‌ఫైల్ దారిలో వార్ కింద ఉన్న రన్ ఫోల్డరు రాసి ఉంటే, నేరుగా రన్ అని రాయాలి. ఇవి పది నిమిషాల పని.

రెండో కుప్ప: పేరుతో పాటు కొలత మారినవి. ఎక్కువ ప్రమాదం వీటితోనే, నిదానంగా చదవండి.

సీపీయూషేర్స్ పోయి సీపీయూవెయిట్ వచ్చింది. పాతదాని మామూలు విలువ 1024, కొత్తదానిది 100. మార్చే లెక్క సులువు: పాత విలువను 100తో హెచ్చించి 1024తో భాగించండి. 2048 ఉంటే 200, 512 ఉంటే 50. లెక్క చేయకుండా పేరు మాత్రం మార్చి విలువ 1024గానే ఉంచారనుకోండి, యంత్రం ఏమీ అనదు. కొత్త సెట్టింగుకు 1 నుంచి 10000 దాకా ఏదైనా చెల్లుతుంది. ఫలితంగా ఆ సర్వీసుకు సీపీయూ పంపకంలో పక్కవాటికన్నా పది రెట్ల ప్రాధాన్యం దక్కుతుంది. బ్యాకప్ నడిచే సర్వీసుకు ఇలా జరిగితే, పగటిపూట బిల్లింగ్ కూర్చుండిపోతుంది. కారణం వెతకడానికి వారం పడుతుంది.

డిస్కు పంపకానికి బ్లాక్ఐఓవెయిట్ బదులు ఐఓవెయిట్. పాత మామూలు విలువ 500, కొత్తది 100. కాబట్టి పాతదాన్ని ఐదుతో భాగించండి. 500ను అలాగే వదిలేస్తే ఐదు రెట్లు.

ఊమ్ అడ్జ్ బదులు ఊమ్ స్కోర్ అడ్జ్. మెమరీ నిండుకున్నప్పుడు కెర్నల్ ఏ ప్రాసెస్‌ను చంపాలో ఎంచుకోవడానికి చూసే అంకె ఇది. పాతది మైనస్ 17 నుంచి 15 దాకా, కొత్తది మైనస్ 1000 నుంచి 1000 దాకా. పాతదాన్ని 1000తో హెచ్చించి 17తో భాగించాలి. మైనస్ 10 అయితే సుమారు మైనస్ 588. రెండు చివర్లు మాత్రం లెక్కతో పనిలేకుండా గుర్తుంచుకోండి: మైనస్ 17 అంటే మైనస్ 1000, 15 అంటే 1000. పాత పేరును 2010లో 2.6.36 కెర్నల్‌తోనే పాతదిగా ప్రకటించారు. అయినా పాత స్క్రిప్టుల కోసం దాన్ని ఉంచారు. రాస్తే కెర్నల్ లాగ్‌లో హెచ్చరిక పడుతుంది. సర్వీసుల కోసం అయితే నేరుగా యూనిట్ ఫైలులో, అంటే ఆ సర్వీసు సెట్టింగులు ఉండే సిస్టమ్‌డీ ఫైలులో, ఊమ్‌స్కోర్‌అడ్జస్ట్ అని రాయడమే సరైన దారి. ఒక జాగ్రత్త: మైనస్ 1000 పెట్టిన ప్రాసెస్‌ను కెర్నల్ ముట్టుకోదు. లీకవుతున్న అప్లికేషన్‌కు అది ఇస్తే, దాని బదులు అమాయక ప్రాసెస్‌లు బలవుతాయి. లాగిన్‌కు వాడే ఎస్ఎస్‌హెచ్ వంటి వాటికి తప్ప ఇవ్వకండి.

మూడో కుప్ప: నేరుగా బదులు లేనివి, లేదా చోటే మారినవి. షెడ్యూలర్ (ప్రాసెస్‌లకు సీపీయూ వంతులు పంచే కెర్నల్ భాగం) లేటెన్సీ, మినిమమ్ గ్రాన్యులారిటీ అనే రెండు సెట్టింగులను కెర్నల్ సెట్టింగులు రాసే సిస్‌సీటీఎల్ ఫైలులో రాయమని చాలా నోట్సుల్లో ఉంటుంది. 2021లో వచ్చిన 5.13 కెర్నల్‌లో వాటిని అక్కడి నుంచి తీసి డీబగ్ విభాగంలోకి పంపారు. 2023లో 6.6 కెర్నల్ షెడ్యూలర్ పద్ధతినే మార్చి ఈఈవీడీఎఫ్ తెచ్చింది, వాటి అర్థమే పోయింది. వీటికి సమానమైనదేదో వెతుకుతూ కూర్చోకండి. విరమణ పట్టికలో "బదులు లేదు, అవసరమూ లేదు" అని రాసి ముందుకు వెళ్లండి. ఒక సర్వీసుకు నిజంగా ప్రాధాన్యం కావాలంటే సీపీయూవెయిట్ ఉంది.

కిల్‌మోడ్‌కు నన్ అని పెట్టమనేవీ ఈ కుప్పలోవే. సర్వీసు ఆపినా దాని ప్రాసెస్‌లను సిస్టమ్‌డీ ముట్టుకోకూడదని దాని భావం. 246వ వెర్షన్ నుంచి ఇది వద్దని హెచ్చరిస్తోంది, ఎందుకంటే ఎవరికీ చెందని ప్రాసెస్‌లు మిగిలిపోతాయి. అసలు అది ఎందుకు పెట్టారో కనుక్కోండి. చాలాసార్లు డేటాబేసు మూసుకోవడానికి సమయం చాలక పెట్టినదే అయి ఉంటుంది. మామూలుగా సిస్టమ్‌డీ 90 సెకన్లు ఆగుతుంది. టైమ్‌అవుట్‌స్టాప్‌సెక్ పెంచి, కిల్‌మోడ్‌ను మిక్స్‌డ్ చేస్తే ఆ అవసరం తీరుతుంది.

నాలుగో కుప్ప: పాతవే, కానీ ఇప్పటికీ సరైనవి. ఉత్సాహంలో వీటిని కూడా తీసేస్తారు, ఆగండి. ప్రాసెస్ ప్రాధాన్యం చెప్పే నైస్ విలువ మైనస్ 20 నుంచి 19 దాకా అన్నది ఎప్పటి నుంచో ఉన్నదే, ఇప్పటికీ అంతే. ప్రాసెస్‌ను ఆపేటప్పుడు మర్యాదగా ఆగమనే టర్మ్ సిగ్నల్ ముందు, బలవంతంగా చంపే కిల్ సిగ్నల్ ఆఖరున అన్న సలహా కూడా అంతే. వయసు చూసి విరమణ ఇవ్వకూడదు, పని చేస్తోందో లేదో చూడాలి.

5. పరీక్ష యంత్రంలో పెట్టి చూడండి

సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని సర్వీసు పేరు ఇస్తే, అసలు ఫైలును ముట్టకుండా చిన్న అదనపు ఫైలు తెరుచుకుంటుంది. కొత్త సెట్టింగు అందులో రాయండి. తరువాత సర్వీసును రీస్టార్ట్ చేయండి. ఫైలును చేత్తో వేరే ఎడిటర్‌లో మార్చి ఉంటే రీస్టార్ట్‌కు ముందు సిస్టమ్‌డీతో ఫైళ్లను మళ్లీ చదివించే డెమన్ రీలోడ్ తప్పనిసరి. అది మరచిపోయి "కొత్తది పనిచేయడం లేదు" అని పాతదానికి తిరిగి వెళ్లినవారు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు అసలు హెచ్చరిక. సిస్టమ్‌డీకి తెలియని పేరు రాస్తే అది సర్వీసును ఆపదు. లాగ్‌లో ఒక వాక్యం రాసి, ఆ పంక్తిని వదిలేసి, సర్వీసును మామూలుగా నడుపుతుంది. స్థితి పచ్చగా కనిపిస్తుంది. హద్దు మాత్రం ఉండదు. అక్షరం తప్పు కొట్టినా ఇదే ఫలితం. అందుకే పచ్చ రంగు చూసి సంతృప్తి పడకండి. లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్‌లో అన్‌నోన్, డిప్రికేటెడ్, అబ్సొలీట్, లెగసీ అనే నాలుగు మాటలు వెతకండి. సిస్టమ్‌డీ అనలైజ్ వెరిఫై అనే కమాండుకు యూనిట్ ఫైలు ఇస్తే, సర్వీసు నడపకముందే చాలా తప్పులు చెప్పేస్తుంది.

తరువాత మూడు చోట్ల విలువ చూడాలి. సిస్టమ్‌సీటీఎల్ షో ఏం చెబుతోంది, కెర్నల్ ఏం చెబుతోంది, నడుస్తున్న ప్రాసెస్ ఏం చెబుతోంది. మెమరీమ్యాక్స్ 512 ఎంబీ పెడితే, సీగ్రూప్ ఫోల్డర్‌లో ఆ సర్వీసు కింద ఉన్న మెమరీ డాట్ మ్యాక్స్ ఫైలులో 536870912 కనిపించాలి. మ్యాక్స్ అనే మాట ఉంటే హద్దు లేనట్టే.

మూడో చోటు ఎందుకు చూడాలో నా అనుభవమే చెబుతుంది. ఒంగోలులో ఒక ఆఫీసు డేటాబేసు రాత్రిపూట ఆగిపోయేది. లాగ్‌లో "తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువ" అనే ఎర్రర్. నోట్సు తీస్తే, ఈటీసీ కింద సెక్యూరిటీ ఫోల్డర్‌లోని లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైలులో 65536 రాయమని ఉంది. రాశాను. మళ్లీ లాగిన్ అయి యూలిమిట్ కమాండు ఇస్తే 65536 అనే వచ్చింది. పని అయిందని ఇంటికి వెళ్లాను. మరుసటి రాత్రి మళ్లీ ఆగింది. మళ్లీ రాశాను, సర్వర్‌నే రీస్టార్ట్ చేశాను. మూడో రాత్రీ అంతే. తెల్లవారుజామున టీ తాగి వచ్చి, ప్రాక్ ఫోల్డర్‌లో డేటాబేసు ప్రాసెస్ నంబరు ఉన్న ఫోల్డరు తెరిచి, లిమిట్స్ ఫైలు చదివాను. మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్ ఎదురుగా 1024. నేను చూసిన 65536 నా లాగిన్‌ది. లిమిట్స్ ఫైలు లాగిన్ దారిలో వచ్చేవారికే వర్తిస్తుంది. సిస్టమ్‌డీ నేరుగా నడిపే సర్వీసు ఆ దారిన రాదు. యూనిట్ ఫైలులో లిమిట్‌నోఫైల్ అని ఒక్క పంక్తి రాస్తే సమస్య తీరింది. మూడు రాత్రులు పోయింది ఆ నోట్సులోని ఒక్క పంక్తి వల్ల, దాన్ని సరైన చోట పరీక్షించని నా వల్ల. అప్పటి నుంచి ప్రాసెస్ సొంత ఫైలు చూడకుండా ఏ హద్దు గురించీ "అయింది" అనడం మానేశాను.

6. కొత్త నోట్సు రాయండి, కొత్త మనిషితో చదివించండి

ప్రతి సెట్టింగు దగ్గర నాలుగు సంగతులు ఉండాలి: కొత్త పేరు, విలువ, ఏ వెర్షన్‌లో పరీక్షించారు, ఏ తేదీన. తేదీ, వెర్షన్ రాయడం బద్ధకమనిపిస్తే కందుకూరును తలచుకోండి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది. కొత్త జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో చేరింది. ఇప్పుడు మీ చేతికి "కందుకూరు, నెల్లూరు జిల్లా" అని ఉన్న తేదీ లేని కాగితం ఒకటి వచ్చిందనుకోండి. అది 1965 నాటిదా, 2023 నాటిదా? దాని వెంట ఏ రికార్డు గదికి వెళ్లాలి? మీ నోట్సులోని "1024" కూడా అంతే. తేదీ, వెర్షన్ లేకపోతే అది పాత కొలతలో మామూలు విలువో, కొత్త కొలతలో పదిరెట్లో ఎవరూ చెప్పలేరు.

చివర "విశ్రాంత సెట్టింగులు" అని ఒక పట్టిక పెట్టండి. పాత పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, వెతికితే దొరకాలి కాబట్టి. ఎదురుగా బదులు పేరు, మార్చే లెక్క, ఒక వాక్యంలో కారణం. పాత విలువను కాపీ చేసుకోగలిగే కమాండు రూపంలో మాత్రం పెట్టకండి. తొందరలో ఉన్న మనిషి కమాండులా కనిపించినదాన్ని పైన ఏం రాసి ఉందో చూడకుండా అతికిస్తాడు.

ఇప్పుడు ఆ కొత్త మనిషిని పరీక్ష యంత్రం ముందు కూర్చోబెట్టండి. నోట్సు ఒక్కటే చేతికిచ్చి, మీరు మాట్లాడకుండా పక్కన ఉండండి. ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తారో అక్కడ నోట్సు లోపం ఉంది. ఆ చోటు అక్కడికక్కడే సరిదిద్దండి.

7. పాత ప్రతులను వెనక్కి తీసుకోండి

గోడ మీది కాగితం పీకి, అదే చోట కొత్తది అంటించండి. పీకి ఖాళీగా వదిలితే ఎవరో పాత ఫొటో తీసి మళ్లీ ప్రింటు కొడతారు. వాట్సాప్ గ్రూపులో "ఫలానా తేదీ నుంచి పాత నోట్సు చెల్లదు, కొత్తది ఇక్కడ ఉంది" అని పిన్ చేయండి. పాత ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అదే రాసి, చదవడానికి మాత్రమే తెరుచుకునేలా పెట్టండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పాతదీ కొత్తదీ రెండూ ఒకే యూనిట్ ఫైలులో రాయడం. "ఏదో ఒకటి పనిచేస్తుంది" అనే ధీమా అది. ఏది అమల్లో ఉందో చెప్పడం ఆరు నెలల తరువాత రాసినవారికే కష్టం. ఒక యంత్రానికి ఒకటే రాయండి.

మెమరీహై, మెమరీమ్యాక్స్ ఒకటే అనుకోవడం. హై దాటితే ప్రాసెస్‌ను నెమ్మదింపజేస్తుంది. మ్యాక్స్ దగ్గర మెమరీ విడిపించలేకపోతే చంపుతుంది. పాత మెమరీలిమిట్‌కు బదులు మ్యాక్స్ మాత్రమే.

ప్యాకేజీతో వచ్చిన అసలు యూనిట్ ఫైలును నేరుగా దిద్దడం. తరువాతి అప్‌డేట్ దాన్ని చెరిపేస్తుంది, మీ నోట్సు మళ్లీ అబద్ధమవుతుంది. ఎడిట్ కమాండుతోనే చేయండి.

అన్ని యంత్రాలకూ ఒకే రోజు మార్చడం. ముందు తక్కువ ముఖ్యమైన ఒక సర్వీసు, రెండు మూడు రోజులు గమనించాక మిగతావి.

యంత్రమే పాతదైతే?

ఈ ప్రశ్న చీమకుర్తి నుంచి వచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేర్ సెంటోస్ 7 మీద తప్ప నడవదట. ఆ వ్యవస్థకు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది కాబట్టి మార్చడమే మేలు. వెంటనే వీలుకాకపోతే, దాంట్లో ఉన్నది సిస్టమ్‌డీ 219 అని గుర్తుంచుకోండి. దానికి మెమరీమ్యాక్స్, సీపీయూవెయిట్ అసలు తెలియవు. కొత్త నోట్సు ప్రకారం వాటిని రాస్తే పైన చెప్పిన నిశ్శబ్దమే: సర్వీసు నడుస్తుంది, హద్దు ఉండదు. అలాంటి యంత్రానికి పాత సెట్టింగులే సరైనవి. వాటిని విశ్రాంత పట్టికలో కలపకుండా, ఆ యంత్రం పేరుతో వేరే పేజీలో ఉంచండి. పేజీ పైన యంత్రం పేరు, వెర్షన్, "ఈ యంత్రం తీసేసిన రోజున ఈ పేజీ కూడా తీసేయాలి" అనే వాక్యం ఉండాలి. ఆ యంత్రం మీదే సన్నని కాగితం అంటించి అదే రాయండి.

అంతా అయ్యాక ఆఖరి తనిఖీ

అసలు సర్వర్‌ను ఒకసారి పూర్తిగా రీబూట్ చేయండి, ఆదివారం రాత్రి లాంటి సమయంలో. ఈ బూట్‌కు చెందిన లాగ్‌లో ఆ నాలుగు మాటలు మళ్లీ వెతకండి. ఒక్కటైనా దొరికితే ఆ పంక్తిలోనే ఫైలు పేరు, పంక్తి సంఖ్య ఉంటాయి, అక్కడికి వెళ్లి సరిచేయండి. తరువాత షీటులో ఉన్న ప్రతి వరుసకు, నడుస్తున్న ప్రాసెస్ చూపించే విలువను ఏడో గడిలో రాయండి. ఆ గడి కొత్త నోట్సుతో సరిపోని వరుస ఉంటే ఆ సర్వీసును ఐదో మెట్టు నుంచి మళ్లీ చూడండి. అన్నీ సరిపోయాక షీటును కూడా నోట్సుతో పాటే దాచండి. వచ్చే సారి ఉబుంటునో రెడ్‌హ్యాట్‌నో అప్‌గ్రేడ్ చేసే ముందు రోజు తెరవాల్సిన మొదటి ఫైలు అదే.